ఆండ్రెస్ ఎస్కోబార్: ఒక్క సెల్ఫ్ గోల్.. పది రోజులకే ఆరు తూటాలు.. ‘ఫుట్‌బాల్ జెంటిల్‌మన్’ జీవిత కథ ఇదీ!

సెల్ఫ్ గోల్.. ఈ మాట మనకు కొత్తేం కాదు. ఏ నాయకుడో నోరు జారితే చాలు, సెల్ఫ్ గోల్ వేసుకున్నాడంటూ హెడ్‌లైన్లు పడతాయి. రెండు రోజులు గడిస్తే అందరూ మర్చిపోతారు కూడా. కానీ నిజమైన ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో, నిజంగానే సెల్ఫ్ గోల్ వేసిన ఓ ఆటగాడు ఆ తర్వాత పది రోజులు మాత్రమే బతికాడు. అతడే కొలంబియా డిఫెండర్ ఆండ్రెస్ ఎస్కోబార్. 1994 జూలై 2 తెల్లవారుజామున సొంత ఊరు మెడెలిన్‌లోనే అతడిపై తూటాల వర్షం కురిసింది. అప్పటికి అతడి వయసు 27 ఏళ్లే.

ఆండ్రెస్ పేరు చెప్పగానే ప్రపంచానికి గుర్తొచ్చేది ఆ ఒక్క గోల్, ఆ ఒక్క రాత్రి. అయితే అంతకుముందు అతడు ఆడిన ఆట, గెలిచిన కప్పులు, బతికిన తీరు గురించి బయట తెలిసింది చాలా తక్కువ. ఎదుటి ఆటగాడిని కింద పడేయకుండా, కాలితో తన్నకుండా, కేవలం అంచనాతోనే బంతిని లాక్కునే డిఫెండర్‌గా అతడికి పేరు. అందుకే కొలంబియా జనం అతడిని ముద్దుగా ‘ఎల్ కబయెరో’ అని పిలుచుకున్నారు. అంటే ఫుట్‌బాల్ జెంటిల్‌మన్ అన్నమాట.

మెడెలిన్ మధ్యతరగతి ఇంట్లో..

ఆండ్రెస్ 1967 మార్చి 13న మెడెలిన్‌లో పుట్టాడు. కొలంబియాలో రాజధాని బొగోటా తర్వాత అతి పెద్ద నగరం ఇదే. చుట్టూ కొండలు, మధ్యలో లోయ, ఆ లోయలో ఊరు. తండ్రి డారియో ఎస్కోబార్ బ్యాంకు ఉద్యోగి. పిల్లలు వీధుల్లో తిరిగి చెడిపోకుండా వారికి ఫుట్‌బాల్ ఆడే అవకాశం కల్పించే ఓ సంస్థను కూడా ఆయన నడిపేవారు. అలా ఆండ్రెస్‌కు ఊహ తెలిసేసరికే ఇంట్లో బంతి ఉంది. అన్న శాంటియాగో కూడా ఫుట్‌బాల్ ఆటగాడే. అన్నదమ్ములిద్దరూ ఆ తర్వాత ఒకే క్లబ్‌కు ఆడారు.

తల్లి బియాట్రిజ్ క్యాన్సర్‌తో చనిపోవడం ఆండ్రెస్‌ను బాగా కుంగదీసింది. దైవభక్తి ఉన్న కుటుంబం. చదువు మధ్యలో ఆపకుండా స్కూలు పూర్తి చేశాకే అతడు పూర్తిస్థాయి ఆటగాడు అయ్యాడు. పేదరికం నుంచి బయటపడటానికి ఫుట్‌బాల్‌ను నమ్ముకున్న కుర్రాళ్లు ఆ జట్టులో చాలామంది ఉన్నారు. ఆండ్రెస్‌కు ఆ అవసరం లేదు. ఆట మీద ఇష్టంతోనే వచ్చాడు. బహుశా అందుకేనేమో.. గెలుపోటముల్లో అతడి ప్రవర్తన ఒకేలా ఉండేదని తోటి ఆటగాళ్లు చెబుతుంటారు.

నసియోనల్ గోడ.. నంబర్ 2 జెర్సీ

మెడెలిన్‌లో పుట్టిన ఫుట్‌బాల్ పిచ్చోడికి అట్లెటికో నసియోనల్ క్లబ్ అంటే ప్రాణం. ఆకుపచ్చ, తెలుపు రంగుల జెర్సీ వారిది. ఆండ్రెస్ 1980ల మధ్యలో ఆ క్లబ్‌లో అడుగుపెట్టాడు. అదే సమయంలో అతడి జీవితాన్ని మార్చిన మరో వ్యక్తి అక్కడికి వచ్చాడు. ఆయనే కోచ్ ఫ్రాన్సిస్కో మతురానా. చదువు ప్రకారం ఆయన పళ్ల డాక్టర్. ఆటగాడిగా ఆయనదీ డిఫెన్సే. కోచ్‌గా మారాక కొలంబియా ఆటనే మార్చేశాడు.

అప్పటిదాకా ఒక్కో డిఫెండర్ ఒక్కో ప్రత్యర్థి వెంట పడటమే పద్ధతి. మతురానా దాన్ని పక్కన పెట్టాడు. మనిషిని కాదు, చోటును కాపాడాలన్నది ఆయన సూత్రం. నలుగురు డిఫెండర్లు ఒకే గీతలో నిలబడాలి. బంతి దొరికితే గుడ్డిగా బాదేయకూడదు. పక్కవాడికి చిన్న పాస్ ఇచ్చి, అక్కడి నుంచే దాడి మొదలుపెట్టాలి. ఈ పద్ధతికి కావాల్సింది కండబలం కంటే బుర్ర, ఓపిక. ఆండ్రెస్ దానికి అతికినట్లు సరిపోయాడు. సెంటర్ బ్యాక్‌గా లూయిస్ కార్లోస్ పెరేయాతో కలిసి గోడ కట్టాడు. వెనకాల గోల్‌కీపర్ రెనే హిగిటా. పెనాల్టీ బాక్స్ దాటి సగం గ్రౌండ్ దాకా బంతితో పరిగెత్తే హిగిటా లాంటి కీపర్ ఉన్నప్పుడు, వెనక ఖాళీని చూసుకునే నిదానమైన డిఫెండర్ ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. ఆ పని ఆండ్రెస్ చేశాడు. వీపు మీద నంబర్ 2 అతడి గుర్తింపుగా మారింది.

వెంబ్లీలో ఏకైక గోల్

జాతీయ జట్టు పిలుపు 1988లో వచ్చింది. ఆ ఏడాది మార్చి 30న కెనడాపై తొలి మ్యాచ్ ఆడాడు. రెండు నెలలు తిరక్కుండానే ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు లాంటి లండన్ వెంబ్లీ స్టేడియంలో నిలబడ్డాడు. మే 24న రౌస్ కప్‌లో ఇంగ్లండ్‌తో మ్యాచ్. గ్యారీ లినెకర్ గోల్‌తో ఇంగ్లండ్ ముందంజ వేసింది. రెండో అర్ధభాగంలో కొలంబియాకు కార్నర్ దొరికింది. గాల్లోకి లేచిన బంతిని 21 ఏళ్ల ఆండ్రెస్ తలతో కొట్టాడు. నేరుగా నెట్‌లోకి. మ్యాచ్ 1-1తో డ్రా అయింది.

కొలంబియా తరఫున అతడు మొత్తం 51 మ్యాచ్‌లు ఆడితే, కొట్టిన గోల్ అదొక్కటే. గోల్స్ కొట్టడం అతడి పని కాదు, ఆపడమే పని. కానీ చరిత్ర వింత చూడండి.. ప్రపంచం గుర్తుంచుకున్నది ఇంగ్లండ్‌పై కొట్టిన ఆ గోల్‌ను కాదు, సొంత గోల్‌పోస్ట్‌లో పడిన ఇంకో గోల్‌ను!

1989.. కొలంబియాకు తొలి కప్పు

దక్షిణ అమెరికా క్లబ్‌లకు కోపా లిబర్టడోరెస్ అంటే యూరప్‌లో ఛాంపియన్స్ లీగ్ లాంటిది. 1989 దాకా ఒక్క కొలంబియా క్లబ్ కూడా ఆ కప్పు ఎత్తలేదు. ఆ ఏడాది నసియోనల్ జట్టులో విదేశీ ఆటగాడు ఒక్కడూ లేడు. అందరూ స్వదేశీయులే. సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో ఉరుగ్వే జట్టు డనుబియోను 6-0తో చిత్తు చేశారు. ఫైనల్ పరాగ్వే క్లబ్ ఒలింపియాతో.

అసున్సియోన్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌లో నసియోనల్ 0-2తో ఓడింది. మెడెలిన్ స్టేడియం చిన్నది కావడంతో మే 31న రెండో మ్యాచ్‌ను బొగోటాలో పెట్టారు. అక్కడ నసియోనల్ 2-0తో గెలిచి లెక్క సరిచేసింది. ఆ రెండు గోల్స్‌లో మొదటిది ఏమిటో తెలుసా? ఒలింపియా ఆటగాడు మిన్యో వేసుకున్న సెల్ఫ్ గోల్! మ్యాచ్ పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లింది. హిగిటా ఏకంగా నాలుగు కిక్‌లు ఆపాడు. లియోనెల్ అల్వారెజ్ చివరి కిక్‌ను గోల్‌గా మలచడంతో 5-4తో కప్పు నసియోనల్ సొంతమైంది. దేశమంతా వీధుల్లోకి వచ్చి సంబరాలు చేసుకుంది.

ఆ డిసెంబర్‌లో టోక్యోలో ఇంటర్‌కాంటినెంటల్ కప్. ఎదురుగా ఇటలీ దిగ్గజం ఏసీ మిలాన్. అప్పటి ప్రపంచంలో అంతకు మించిన క్లబ్ లేదు. వాన్ బాస్టెన్, రైకార్డ్, బరేసి, మాల్దినీ లాంటి హేమాహేమీలున్న జట్టు. అయినా 118 నిమిషాల పాటు కొలంబియా కుర్రాళ్లు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. షూటౌట్‌కు నిమిషం ముందు ఎవానీ కొట్టిన ఫ్రీకిక్‌తో మిలాన్ 1-0తో బయటపడింది. ఓడినా నసియోనల్ డిఫెన్స్ గురించి యూరప్ మాట్లాడుకుంది.

ఆట వెనక డ్రగ్స్ డబ్బు

ఇక్కడే కథలో చీకటి కోణం మొదలవుతుంది. 1980ల్లో కొలంబియా ఫుట్‌బాల్‌లోకి కొకైన్ డబ్బు వరదలా వచ్చింది. అమెరికాకు డ్రగ్స్ పంపి సంపాదించిన నల్లధనాన్ని తెల్లగా మార్చుకోవడానికి క్లబ్‌లు మంచి దారి. స్టేడియం టికెట్ల లెక్కలు, ఆటగాళ్ల కొనుగోళ్ల లెక్కలు ఎవరికీ అంత తేలిగ్గా అంతుచిక్కవు కదా. కాలీ నగరంలోని అమెరికా క్లబ్ వెనక రోడ్రిగేజ్ ఒరెహ్వేలా సోదరులు, బొగోటాలోని మిలియనారియోస్ వెనక రోడ్రిగేజ్ గాచా ఉన్నారన్నది బహిరంగ రహస్యం. మెడెలిన్‌లో నసియోనల్ వెనక వినిపించిన పేరు.. పాబ్లో ఎస్కోబార్.

ఇంటిపేరు ఒకటే, ఊరు కూడా ఒకటే. కానీ ఆండ్రెస్‌కు, డ్రగ్స్ డాన్ పాబ్లోకు చుట్టరికం ఏమీ లేదు. పాబ్లోకు ఫుట్‌బాల్ అంటే వెర్రి. పేదల వాడల్లో లైట్లతో సహా గ్రౌండ్లు కట్టించాడు. వాటిలో ఆడి పైకొచ్చిన ఆటగాళ్లూ ఉన్నారు. 1991లో లొంగిపోయాక తాను సొంతంగా కట్టించుకున్న లా కాటెడ్రల్ జైలుకు కూడా స్టార్ ఆటగాళ్లను రప్పించుకుని మ్యాచ్‌లు ఆడించాడు. ఆండ్రెస్‌కు అక్కడికి వెళ్లడం అస్సలు ఇష్టం లేదని, కానీ కాదనే దారి కూడా లేకపోయిందని 2010లో వచ్చిన ‘ద టూ ఎస్కోబార్స్’ డాక్యుమెంటరీలో కుటుంబసభ్యులు గుర్తుచేసుకున్నారు.

డబ్బు వల్ల మంచి ఆటగాళ్లు దేశం దాటకుండా సొంత క్లబ్‌ల్లోనే ఉండిపోయారు. జట్లు బలపడ్డాయి. అయితే డబ్బుతో పాటే తుపాకీ కూడా వచ్చింది. 1989 నవంబర్ 15న రెఫరీ అల్వారో ఒర్తేగాను మెడెలిన్‌లో కాల్చి చంపారు. బెట్టింగ్ మాఫియా పనేనన్న ఆరోపణలు వచ్చాయి. దాంతో ఆ ఏడాది లీగ్‌నే రద్దు చేశారు. ఛాంపియన్ ఎవరూ లేకుండానే సీజన్ ముగిసింది. నసియోనల్ దక్షిణ అమెరికా కప్పు గెలిచిన ఏడాదిలోనే ఇది జరిగింది. 1991లో ఒక్క మెడెలిన్‌లోనే 6 వేలకు పైగా హత్యలు జరిగాయంటే అప్పటి పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

ఇటలీ నుంచి స్విట్జర్లాండ్ దాకా

1990లో ఇటలీలో జరిగిన వరల్డ్ కప్‌కు కొలంబియా అర్హత సాధించింది. 1962 తర్వాత మళ్లీ వరల్డ్ కప్‌లో ఆడటం అదే తొలిసారి. యూఏఈపై గెలుపు, యుగోస్లావియా చేతిలో ఓటమి. చివరి లీగ్ మ్యాచ్‌లో ఆఖరి క్షణాల్లో ఫ్రెడ్డీ రింకన్ గోల్‌తో పశ్చిమ జర్మనీని 1-1తో నిలువరించింది. ఆ ఏడాది కప్పు గెలిచింది ఆ జర్మనీయే. నాకౌట్‌లో కామెరూన్ ఎదురైంది. అదనపు సమయంలో హిగిటా బంతితో ముందుకొచ్చి ఆటలు ఆడబోతే రోజర్ మిల్లా దాన్ని లాక్కుని ఖాళీ నెట్‌లో వేశాడు. 1-2తో కొలంబియా ఇంటిదారి పట్టింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. హిగిటా చేసిన తప్పు కూడా చిన్నదేం కాదు. వరల్డ్ కప్ నాకౌట్‌లో జట్టును ముంచిన తప్పు అది. అయినా అతడు హీరోగానే ఊరికి తిరిగొచ్చాడు. నాలుగేళ్లలో ఏం మారింది? దేశం మీద పెరిగిన ఆశలు, ఆ ఆశల మీద కాసిన పందేలు.

యూరప్‌లో ఆడాలన్న కోరికతో ఆండ్రెస్ స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగర క్లబ్ యంగ్ బాయ్స్‌కు వెళ్లాడు. అక్కడ కొద్ది కాలమే ఉన్నాడు. మళ్లీ నసియోనల్ గూటికే చేరి 1991లో జట్టుతో పాటు కొలంబియా లీగ్ టైటిల్ గెలిచాడు.

5-0 గెలుపు.. ఆకాశానికెత్తిన అంచనాలు

1993 సెప్టెంబర్ 5. బ్యూనస్ ఎయిర్స్‌లో అర్జెంటీనాతో వరల్డ్ కప్ క్వాలిఫయర్ మ్యాచ్. కొలంబియా ఏకంగా 5-0తో గెలిచింది. రింకన్ రెండు, ఆస్ప్రిల్లా రెండు, వాలెన్సియా ఒక గోల్ కొట్టారు. అర్జెంటీనా అభిమానులే లేచి నిలబడి చప్పట్లు కొట్టిన మ్యాచ్ అది. ఆ చారిత్రక రోజున ఆండ్రెస్ గ్రౌండ్‌లో లేడు. గాయం అతడిని పక్కన కూర్చోబెట్టింది. మళ్లీ కోలుకుని వరల్డ్ కప్ నాటికి జట్టులో చోటు దక్కించుకున్నాడు. ఒకరకంగా చూస్తే అది అతడి పట్టుదలకు దక్కిన ఫలం.

ఈ గెలుపు తర్వాత సాక్షాత్తూ పీలేనే కొలంబియాను ఫేవరెట్‌గా చెప్పాడు. అంతే.. దేశంలో అంచనాలు ఆకాశాన్ని తాకాయి. అదే ఏడాది డిసెంబర్ 2న పాబ్లో ఎస్కోబార్ మెడెలిన్‌లో ఓ ఇంటి పైకప్పు మీద పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. చాలామంది ఇక శాంతి వస్తుందనుకున్నారు. కానీ జరిగింది వేరు. ఒక్క డాన్ పోయాక ఆ ఖాళీ కోసం చిన్నా పెద్దా ముఠాలన్నీ కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

ఆండ్రెస్ జీవితంలో మాత్రం అన్నీ కలిసొస్తున్నట్లే కనిపించింది. పెళ్లి నిశ్చయమైంది. కాబోయే భార్య పళ్ల డాక్టర్. ఏసీ మిలాన్ నుంచి పిలుపు వచ్చిందన్న వార్తలు కూడా వినిపించాయి. అయిదేళ్ల క్రితం టోక్యోలో ఎవరినైతే 118 నిమిషాల పాటు ఆపాడో, వాళ్ల జెర్సీయే వేసుకునే అవకాశం అన్నమాట.

హోటల్ గదికి బెదిరింపులు

1994 జూన్ 18న అమెరికాలోని పాసడీనా రోజ్ బౌల్ స్టేడియంలో కొలంబియా తొలి మ్యాచ్ ఆడింది. రొమేనియా చేతిలో 1-3తో ఓడింది. హాజీ దూరం నుంచి కీపర్ తల మీదుగా కొట్టిన గోల్ ఆ వరల్డ్ కప్‌లోనే గొప్ప గోల్స్‌లో ఒకటి. ఇంట్లో కోట్లు పందెం కాసిన వాళ్లకు మాత్రం అది నిప్పు మీద పెట్రోల్.

ఆ తర్వాత జట్టు హోటల్‌లో ఏం జరిగిందో ఆటగాళ్లు తర్వాతి రోజుల్లో బయటపెట్టారు. డిఫెండర్ లూయిస్ ఫెర్నాండో హెర్రెరా సోదరుడు కొలంబియాలో కారు ప్రమాదంలో చనిపోయాడన్న కబురు వచ్చింది. కుప్పకూలిపోయి ఇంటికి వెళ్లిపోదామనుకున్న హెర్రెరాను దగ్గరుండి ఓదార్చి, జట్టుతోనే ఉండేలా ఒప్పించింది ఆండ్రెసే. ఇంతలో రెండో మ్యాచ్‌కు ముందు చావు బెదిరింపులు వచ్చాయి. మిడ్‌ఫీల్డర్ గాబ్రియెల్ గోమెజ్‌ను ఆడిస్తే అతడి ఇంటిని పేల్చేస్తామన్నది వాటి సారాంశం. కోచ్ మతురానాకూ బెదిరింపులు తప్పలేదు. గోమెజ్ ఆ మ్యాచ్ ఆడలేదు. మిగతావాళ్లు ఆడారు కానీ, మనసు ఆట మీద ఉందని ఎవరంటారు?

35వ నిమిషంలో ఆ ఒక్క క్షణం

జూన్ 22. మళ్లీ అదే రోజ్ బౌల్. ఎదురుగా ఆతిథ్య జట్టు అమెరికా. స్టేడియంలో 90 వేల మందికి పైగా జనం. మొదట్లో కొలంబియాదే పైచేయి. బంతి పోస్ట్‌కు తగిలి వెనక్కి వచ్చింది కూడా. 35వ నిమిషం వచ్చింది. అమెరికా మిడ్‌ఫీల్డర్ జాన్ హార్క్స్ ఎడమ వైపు నుంచి బాక్స్‌లోకి బంతిని పంపాడు. దూరంగా ఎర్నీ స్టీవర్ట్ కాచుకుని ఉన్నాడు. బంతి అతడికి చేరితే గోల్ ఖాయం. మధ్యలో ఉన్నది ఆండ్రెస్.

డిఫెండర్‌గా అతడు చేయాల్సిన పనే చేశాడు. గడ్డి మీద జారుతూ కాలు చాచాడు. బంతి కాలికి తగిలింది, కానీ దిశ మారింది. కీపర్ ఆస్కార్ కోర్డోబా అప్పటికే రెండో వైపు కదిలాడు. బంతి మెల్లగా దొర్లుతూ నెట్‌లోకి వెళ్లిపోయింది. ఆండ్రెస్ కాసేపు నేల మీదే వెల్లకిలా పడి ఉండిపోయాడు. తర్వాత లేచి మళ్లీ తన చోటుకు నడిచాడు.

కాలు చాచకుండా వదిలేసి ఉంటే? అప్పుడు స్టీవర్ట్ గోల్ కొట్టేవాడేమో, అప్పుడు తప్పు ఎవరిదీ కాకపోయేది. డిఫెండర్ బతుకే అంత. సెల్ఫ్ గోల్ పడేది ఎక్కువగా ఆపడానికి ప్రయత్నించిన వాడి పేరు మీదే.

రెండో అర్ధభాగంలో స్టీవర్ట్ మరో గోల్ కొట్టాడు. చివర్లో వాలెన్సియా ఒకటి తిరిగిచ్చినా అమెరికా 2-1తో గెలిచింది. జూన్ 26న స్విట్జర్లాండ్‌పై కొలంబియా 2-0తో నెగ్గినా లాభం లేకపోయింది. కప్పు గెలుస్తుందనుకున్న జట్టు గ్రూప్‌లో అట్టడుగున నిలిచి ఇంటిబాట పట్టింది. టీవీలో ఆ సెల్ఫ్ గోల్ చూసిన వెంటనే తన చిన్న కొడుకు మామయ్యను చంపేస్తారని భయపడ్డాడని ఆండ్రెస్ అక్క ఆ తర్వాత డాక్యుమెంటరీలో చెప్పుకొచ్చింది. ఓ పసివాడికి కూడా ఆ ఊహ వచ్చిందంటే ఆ ఊళ్లో రోజులు ఎలా ఉన్నాయో తెలుస్తుంది.

దాక్కోలేదు.. ఊరికే వచ్చాడు

వరల్డ్ కప్ తర్వాత కొందరు ఆటగాళ్లు వెంటనే స్వదేశం వెళ్లడానికి జంకారు. ఆండ్రెస్‌కు అమెరికాలోనే బంధువుల దగ్గర కొన్నాళ్లు ఉండే వీలుంది. అయినా మెడెలిన్‌కే వచ్చేశాడు. ప్రముఖ పత్రిక ‘ఎల్ తియెంపో’లో వ్యాసం కూడా రాశాడు. ఓటమి బాధను దాచుకోలేదు. అయితే జీవితం ఇక్కడితో ముగిసిపోదని, ముందుకు సాగాల్సిందేనని, ఎంత కష్టమైనా ఒకరినొకరు గౌరవించుకోవాలని అందులో రాశాడు. హింస వద్దని తన దేశానికి చెప్పుకున్న మాటలవి. అవే అతడి ఆఖరి రాతలు అయ్యాయి.

జూలై 1 సాయంత్రం స్నేహితులతో కలిసి బయటికి వెళ్లాలనుకున్నాడు. రోజులు బాగాలేవని, ఇంట్లోనే ఉండమని కోచ్ మతురానా హెచ్చరించాడు. హెర్రెరాను రమ్మంటే అతడు రానన్నాడు. కానీ సొంత ఊరి జనానికి ముఖం చూపించకుండా దాక్కోవడం ఆండ్రెస్‌కు నచ్చలేదు. ఎల్ పొబ్లాడో ప్రాంతంలో ఓ బార్‌కు, అక్కడి నుంచి ‘ఎల్ ఇండియో’ అనే నైట్‌క్లబ్‌కు వెళ్లారు.

క్లబ్‌లో కొందరు ఆ సెల్ఫ్ గోల్‌ను ఎత్తి చూపుతూ వెటకారం చేశారు. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో పార్కింగ్‌లో తన కారులో ఒంటరిగా ఉన్న ఆండ్రెస్‌తో వారు మళ్లీ గొడవకు దిగారు. అది కావాలని చేసింది కాదని, పొరపాటున జరిగిందని అతడు నచ్చజెప్పబోయాడు. మాటా మాటా పెరిగింది. వారితో ఉన్న డ్రైవర్ పాయింట్ 38 తుపాకీ తీసి ఆరుసార్లు కాల్చాడు. ఒక్కో తూటాకు గోల్ అంటూ అరిచాడని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆసుపత్రికి తరలించినా ప్రాణం దక్కలేదు. ముప్పావు గంటలో అంతా అయిపోయింది.

43 ఏళ్ల శిక్ష.. 11 ఏళ్లకే విడుదల

కాల్చింది హంబెర్టో కాస్ట్రో మున్యోజ్ అని తేలింది. అతడు గాలోన్ సోదరులు అనే ఇద్దరు సంపన్నుల దగ్గర బాడీగార్డ్, డ్రైవర్. డ్రగ్స్ ముఠాలతో సంబంధాలున్నవారిగా ఆ అన్నదమ్ములకు పేరుంది. ఆ రాత్రి ఆండ్రెస్‌తో గొడవ పడింది కూడా వారే. 1995 జూన్‌లో కోర్టు కాస్ట్రోను దోషిగా తేల్చి 43 ఏళ్ల జైలు శిక్ష వేసింది. తర్వాత దాన్ని 26 ఏళ్లకు తగ్గించారు. చివరికి సత్ప్రవర్తన పేరుతో 2005లోనే, అంటే దాదాపు 11 ఏళ్లకే అతడు బయటికి వచ్చేశాడు. గాలోన్ సోదరులపై హత్య నేరం రుజువు కాలేదు.

ఇంతకీ ఎందుకు చంపారు? పందెంలో భారీగా నష్టపోయినవాళ్లు కావాలని చేయించిన హత్య అన్నది ఒక వాదన. కాదు, తాగిన మత్తులో, తమకు ఎదురు మాట్లాడాడన్న అహంతో అప్పటికప్పుడు జరిగిన ఘోరం అన్నది ఇంకో వాదన. బెట్టింగ్ కోణం కోర్టులో ఎప్పుడూ నిరూపణ కాలేదు. ఏది నిజమైనా ఒక్కటి మాత్రం స్పష్టం. మనిషిని చంపినా ఏమీ కాదన్న ధీమా తుపాకీ పట్టినవాడికి ఉంది. ఆ ధీమా ఇచ్చింది ఫుట్‌బాల్ కాదు, ఏళ్ల తరబడి శిక్షలు పడని ఆ నగరం.

లక్ష మందికి పైగా కన్నీటి వీడ్కోలు

ఆండ్రెస్ అంతిమయాత్రకు 1,20,000 మందికి పైగా తరలివచ్చారు. దేశ అధ్యక్షుడు సీజర్ గవిరియా కూడా నివాళులర్పించారు. ఆకుపచ్చ జెండాల మధ్య అతడిని మెడెలిన్‌లోని కాంపోస్ దె పాజ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆ పేరుకు అర్థం శాంతి క్షేత్రాలు. 2002 జూలైలో నగరంలో అతడి విగ్రహం పెట్టారు.

అన్న శాంటియాగో కోచ్‌గా మారి, తమ్ముడు ఆడిన నసియోనల్‌కే లీగ్ టైటిళ్లు అందించాడు. ఇక ఆ హత్య సమయంలో మెడెలిన్‌లోనే ఉన్న జర్మన్ యువకుడు యుర్గెన్ గ్రీస్‌బెక్‌ను ఆ ఘటన కదిలించింది. ముఠాల వాడల్లో ‘శాంతి కోసం ఫుట్‌బాల్’ పేరుతో అతడు వీధి పోటీలు మొదలుపెట్టాడు. రూల్స్ కూడా వేరు. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసే ఆడాలి. జట్టు తరఫున తొలి గోల్ అమ్మాయే కొట్టాలి. రెఫరీ ఉండడు, గొడవ వస్తే మాట్లాడుకునే తేల్చుకోవాలి. ఆ చిన్న ప్రయత్నమే ఆ తర్వాత పలు దేశాలకు పాకి ‘స్ట్రీట్‌ఫుట్‌బాల్‌వరల్డ్’ అనే సంస్థగా ఎదిగింది. పిల్లలను వీధి గొడవల నుంచి గ్రౌండ్‌కు మళ్లించాలని ఒకప్పుడు ఆండ్రెస్ తండ్రి చేసిన పని కూడా ఇదే.

బెదిరింపులు ఇంకా ఆగలేదు

అంతా మారిపోయిందా అంటే.. లేదు. 2018 రష్యా వరల్డ్ కప్‌లో జపాన్‌తో మ్యాచ్ మొదలైన మూడు నిమిషాలకే కొలంబియా ఆటగాడు కార్లోస్ సాంచెజ్ బంతిని చేత్తో ఆపి రెడ్ కార్డ్ తీసుకున్నాడు. జట్టు ఓడింది. సోషల్ మీడియాలో అతడికి వచ్చిన చావు బెదిరింపుల్లో ఆండ్రెస్ ఎస్కోబార్ పేరు కూడా ఉంది. అదే టోర్నీలో ఇంగ్లండ్‌పై షూటౌట్‌లో పెనాల్టీలు మిస్ చేసిన మతేయుస్ ఉరిబె, కార్లోస్ బాకాలకూ అదే అనుభవం. 24 ఏళ్లలో ఫ్యాక్స్ పోయి ఫోన్ వచ్చింది, బెదిరింపు మాత్రం అలాగే ఉంది. కొలంబియా ఒక్కటే కాదు, మ్యాచ్ ఓడితే ఆటగాళ్ల ఇళ్ల మీదకు, వారి కుటుంబాల మీదకు వెళ్లే ధోరణి ఏ ఆటకైనా, ఏ దేశానికైనా ఉన్నదే. క్రికెట్ చూసే మనకు ఆ సంగతి ఇంకా బాగా తెలుసు.

51 అంతర్జాతీయ మ్యాచ్‌లు, ఓ లిబర్టడోరెస్ కప్పు, ఓ లీగ్ టైటిల్, రెండు వరల్డ్ కప్‌లు, వెంబ్లీలో ఓ గోల్. ఇదీ ఆండ్రెస్ ఎస్కోబార్ కెరీర్. మెడెలిన్ స్టేడియంలో నసియోనల్ ఆడే రోజుల్లో అభిమానులు ఇప్పటికీ అతడి బొమ్మ, నంబర్ 2 ఉన్న బ్యానర్లు కడతారు. ఆ బ్యానర్లపై కనిపించేది గోల్ ఇచ్చినవాడు కాదు. తల ఎత్తుకుని, బంతిని కాలి దగ్గర పెట్టుకుని, పాస్ ఎవరికివ్వాలా అని నిదానంగా చూస్తున్న ఓ డిఫెండర్.